క్రీస్తురాజు లేతు

ముత్తుకూరు, 1962. శనివారం పొద్దున. వసారాలో, కర్రను తిప్పుతా గుంజలు చెక్కే, కాలితో తొక్కే చిన్న లేతు. దానికి అటు వడ్రంగి క్రీస్తురాజు, ఇటు భార్య ఎస్తేరమ్మ. తెల్లారినప్పటినుంచీ ఇద్దరికీ ఇదే రాద్ధాంతం.

"నీ కాళ్ళు పట్టుకుంటా, అమ్మొద్దయ్యా."

"లెయ్యి ముందు. లేతు కొనే ఆ అల్లూరాయన వచ్చే యాళయింది."

"ఇది పోతే ఏం తింటాం? మన్ను తింటామా?"

"రేపు ఆదివారం. మిషను దొరగారు వస్తాడు. గుడి గుంజలు చేసిన క్రీస్తురాజు లేతు కాడ కూర్చోనుంటే ఫోటో తీసుకోవాలంట. ఏం చూపించేది? పడిపోయిన ఈ చెయ్యి చూపించేదా?"

"మెల్లిగా మాట్లాడయ్యా..."

"మూడేండ్లాయె. నీళ్ళ చెంబు గూడా పట్టుకోలేదిది. తుండుగుడ్డ కింద దాచుకొని తిరగతా ఉండా."

"జొరమని చెప్పు."

"రెండుసార్లు చెప్పినా. ఇంకోసారి చెపితే దొర డాక్టరుని తీసుకొస్తాడు. లేతే లేకపోతే ఇంక అడిగేదేముండాది? అమ్మేసినా దొరా, పని మానేసినా. పీడా పోతాది."

"మూడేండ్లు కూడు పెట్టింది పీడా?"

"కూడు పెట్టింది నువ్వు. ఊరంతా నాకు దండాలు పెడతా ఉంటే, ఒక్క రోజన్నా నాకు ముద్ద దిగిందా? మింగలేక కక్కలేక చస్తా ఉండా."

"నేను ఎవరికన్నా చెప్పినానా? వసారా తలుపేసుకొని చేసినా గదా!"

"అన్నా! క్రీస్తురాజన్నా! ఆనందబాబుని, అల్లూరు నుంచి!"

"రా బాబూ, రా. ఎస్తేరూ, మంచినీళ్ళియ్యి."

"ఇదేనా అన్నా? బో చిన్నదిగా ఉండాదే. మంచిదేలే, మా వసారాలో పడతాది. మద్రాసులో కరెంటుది ఒకటి చూసినా. మా వీధికి కరెంటే రాలా. ఇంకోటి తాడు లాగేది. దానికి ఇంకో మనిషి కావాల."

"దీనికి ఒక మనిషి చాలు. నువ్వే తొక్కుకుంటా ఉలి పట్టుకోవచ్చు."

"దీని చక్రం వంకర బాబూ. సగంలో పట్టా జారిపోతాది."

"ఎస్తేరూ, నువ్వు లోపలికి పో."

"చెప్పనీలే అన్నా. ఇంకేముండాదమ్మా?"

"టేకు పెడితే అదరతాది. మూడడుగుల గుంజ పెడితే నడిమిన కొట్టుకుంటాది. చేతులు తెగిపోతాయి బాబూ, వద్దు. నా మాట ఇని మద్రాసుది కొనుక్కో."

"గుడిలో ఉండేవి మూడడుగుల టేకు గుంజలే గదమ్మా? పోయినేడు నిలబెట్టిన పద్నాలుగూ దీని మీద చేసినవే గదా?"

"ఆమెకేం తెలుసు బాబూ. ఆడది."

"నిజం చెప్తాండా అన్నా, దేవుడు క్షమించాల. ఆ గుంజల ముందర మోకరించి నేను ప్రార్థన చెయ్యలా. మెడ కాడ ఆ వంపు చూస్తా ఉండిపోయినా. ఇరవై ఏండ్లుగా ఉలి పట్టినోణ్ణి. మా మేస్త్రీ లేతు మీద పది కర్రలు పాడు చేసినా, రాలా. సరే, ఆ లేతులోనే ఏదో ఉండాదనుకొని, కొత్తవి వదిలేసి దీనికోసం వచ్చినా."

"అయితే తీసకపో. ఇప్పుడే తీసకపో. బండి తెచ్చినావా?"

"తెచ్చినా. ఒక్కసారి తొక్కి చూపించన్నా. ఇదిగో టేకు ముక్క."

"నువ్వే తొక్కి చూసుకో."

"నేను తొక్కితే నా వంపే వస్తాది. నువ్వు తీస్తే గదా లేతు గుణం తెలిసేది?"

"ఒంట్లో బాగలేదు."

"ఒక్క వంపన్నా. ఒక్కటంటే ఒక్కటి."

"ఊరికే ఇస్తా! తీసకపో!"

"ఊరికేనా? ఊరికే ఇస్తాండావంటే ఏదో లోపం ఉండాలే. చూడందే నేను తీసుకోను."

"ఇటియ్యి. ఇటియ్యి ఆ ముక్క! చూపిస్తా!"

"అయ్యా, వద్దు! ఎడం చేత్తో ఎట్టా పడతావు? తొక్కొద్దు... ఉలి వదులు! వదులయ్యా, పొట్టలో దిగతాది!"

"అన్నా! ఆగన్నా! అయ్యో... ఆ కుడి చెయ్యేంది, అట్టా యాలాడతాంది?"

"చూడు బాబూ, బాగా చూడు. మూడేండ్లుగా ఇట్టనే ఉండాది."

"మూడేండ్లా? మరి గుంజలు..."

"ఆయనే బాబూ! ఆయన పక్కన కూర్చోని చెప్తా ఉంటే నేను ఉలి పట్టుకున్నా, అంతే. పనంతా ఆయనదే."

"నువ్వా అమ్మా? ఆ వంపు నీదా?"

"ఎవరికీ చెప్పొద్దు బాబూ, నీకు పుణ్యముంటాది. ఆయన తలెత్తుకోని తిరగలేడు."

"బాబూ, బండి తోలుకోని పో. లేతు అమ్మను."

"అయ్యా!"

"ఏడవబాకే. రేపు దొర వస్తే నిన్నే చూపిస్తా. ఫోటో నిన్నే తియ్యమంటా."

"చెయ్యి పడిపోయిందని చెప్పు, చాలు. అంతకు ముందు నువ్వే నాకు నేర్పించినావని చెప్దాం. ఆ వంపు నీదేనని చెప్దాం. నీ పరువు నిలబడతాదయ్యా."

"ఇంక అబద్ధాలొద్దు ఎస్తేరూ. చెయ్యి బాగుండే దినాల్లో గూడా ఆ వంపు నాకు రాలా."