బూడిద పొర వయసు

రాళ్లు పొడి చేసే గదిలో చెల్లెలు జల్లెడ కడుగుతోంది. అక్క సైన్సు పత్రిక పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“మిషను ఆపేశాగా, ఇంకా అరుస్తావేంటక్కా?”

“అరుస్తాను. సొంత చెల్లెలు రాసింది నేను పత్రికలో చదువుకోవాలా? అదీ నా శిష్యురాలు ఫోన్ చేసి, ‘చూశారా మేడమ్’ అంటే!”

“కూర్చో ముందు.”

“కూర్చోను. ఆ రోకలిబండ పురుగు శిలాజాన్ని రాతిలోంచి తీసిందెవరే? సూది పట్టుకుని పద్నాలుగు నెలలు! దాని ఒంటి మీద గాలి పీల్చే రంధ్రాలు ముందు చూసిందెవరు?”

“నువ్వే.”

“నీళ్లొదిలి నేలెక్కిన జీవుల్లో ఇంతకన్నా పాతది లేదంటే అందరూ నమ్మారు. నువ్వొచ్చి కోటి ముప్పై లక్షల ఏళ్లు కోసేశావు!”

“నేను కోయలేదు. నువ్వు రాతిలో ఉన్న మొక్కల సిద్ధబీజాలు చూసి వయసు కట్టావు. నేను దాని పక్కనున్న అగ్నిపర్వతం బూడిద పొర చూశాను. ఆ బూడిదలో జిర్కాన్ అనే ఖనిజం గింజలుంటాయి, వాటిలో యురేనియం కొంచెం కొంచెంగా సీసమవుతుంది. ఎంత అయిందో కొలిస్తే...”

“నాకు పాఠం చెప్పకు.”

“కొలిస్తే నలభై ఒక్క కోట్ల ముప్పై లక్షలు. ఏ గింజనడిగినా అదే మాట.”

“అయితే అదే నిజం. రాయి చెప్పాక కాదనడానికి నేనెవర్ని? నా ఏడుపు అది కాదే. ముందు నాకు చెప్పొచ్చుగా! ఒక్క ముక్క!”

“చెప్పాను.”

“ఎప్పుడు?”

“మూడేళ్ల కిందట.”

“అబద్ధం.”

“మీ ఇంటికొచ్చాను. నువ్వు క్వారీకి వెళ్లావు. నీ చేతికే ఇస్తానంటే, నేనిస్తాలే అని బావ కాగితాలు తీసుకున్నాడు.”

“ఆయనా? ఆయన... మర్చిపోయుంటారు.”

“మర్చిపోలేదు.”

“పనుల్లో పడి ఉంటారే. అప్పుడే కదా మ్యూజియంలో ఆయన కొత్త హాలు తెరిచింది. గోడంతా నా రోకలిబండ బొమ్మే. కింద ‘అన్నిటికన్నా ముందు నేలెక్కింది’ అని ఆయనే రాయించి... రాయించి...”

“అక్కా.”

“కావాలనే దాచారా?”

“వారం తర్వాత ఫోన్ చేశాడు. నీకు చూపించానన్నాడు.”

“నాకేం చూపించలేదే!”

“చూపిస్తే చదివి పక్కన పడేశావన్నాడు. బయట పెట్టొద్దని నువ్వే అన్నావట. ‘నా చెల్లెలేగా, నోరు మూసుకుంటుందిలే’ అన్నావట.”

“ఆ మాట... నేనన్నానా?”

“మూడేళ్లు మూసుకున్నాను. ఇక నావల్ల కాలేదు.”

“ఆగు. ఇంటికి రావడం మానేసింది అందుకేనా? నాకు ఆపరేషనైతే కూడా రాలేదు, అందుకేనా?”

“అందుకే.”

“పని ఎక్కువగా ఉందన్నావు.”

“ఊరికే అన్నాను.”

“సరే. ఆయన సంగతి ఇంటికెళ్లి తేలుస్తాను. నీ సంగతి చెప్పు. నా మొదటి పేపర్లో ఒక ఫొటో తలకిందులుగా పడిందని, ఎవరూ కనిపెట్టకముందే నేనే పత్రికకి ఉత్తరం రాశాను. దాన్ని పోస్టులో వేసొచ్చింది నువ్వే. గుర్తుందా?”

“ఉంది.”

“అలాంటి నేను దాచమన్నానంటే నమ్మావా? ఒక్క ఫోన్ చేసి అడగాలనిపించలేదా?”

“లేదు.”

“ఎందుకని?”

“నలుగురూ నిన్నే మెచ్చుకుంటున్నారు కదక్కా అప్పుడు... నమ్మాలనే అనిపించింది.”