అరువు తెచ్చిన సీసా

తినరా తమ్ముడూ, ఆగిపోయావేం? ఆ బన్ను అయిపోతే ఇంకోటి తెప్పిస్తాను. లోపల వార్డులో నీ పెళ్ళానికి గుక్కెడు నీళ్ళు దిగడం లేదు గానీ, నువ్వు మాత్రం నీరసపడకూడదు కదా.

పోయిన వారం వదులుగా ఉండాలని దానికి నైటీ కుట్టిచ్చాను. ఇవాళ పొట్ట దగ్గర పట్టలేదు. కడుపులో నీరు చేరిందట. గుడ్లు తయారవ్వాలని ఇచ్చిన సూదులు మరీ ఎక్కువ పనిచేశాయట. అండాశయాలు బత్తాయిల్లా ఉబ్బాయని నర్సు చెప్పింది. ఆ నర్సు నోరు నా నోటికంటే పెద్దది, ఒప్పుకుంటాను.

మొదట మాత్రలన్నారు. ఒళ్ళంతా ఆవిర్లు, కూర్చున్నచోటే ఏడుపు. తర్వాత సూదులు. ఫ్రిజ్‌లో పాల పక్కన దాచుకుని, పొద్దున్నే తన పొట్టకి తనే పొడుచుకునేది. నువ్వేమో చూడలేక అటు తిరిగేవాడివి. సున్నితమైన మనసు మరి.

అమ్మ సంగతి సరేసరి. "నా కొడుకు రిపోర్టు బంగారం, లోపమంతా కోడలిదే" అని వీధంతా చెప్పింది. పూలకుండీకి నీళ్ళు పోస్తూ ఆ కుండీకి కూడా చెప్పింది.

ఏంట్రా, అటు చూస్తావు? ఇటు చూడు.

నిన్న మీ మెకానిక్ షెడ్డులో నీతో పనిచేసేవాడు, మీరంతా బోల్టు అని పిలుస్తారే, వాడి పెళ్ళాం కొలతలివ్వడానికి నా దగ్గరికొచ్చింది. నడుముకి టేపు చుట్టానో లేదో, నవ్వడం మొదలెట్టింది. "మీ తమ్ముడికి మా ఆయన చేసిన సాయం ఎవరికీ చెప్పనని ఒట్టేశానక్కా" అంది. ఒట్టేసినవాళ్ళు ఎంతసేపు ఆగుతారు? నేనైతే గుమ్మం దాటేదాకా ఆగుతాను. అది టేపు తీసేదాకా కూడా ఆగలేదు.

పరీక్షకి నీ వీర్యం ఇమ్మంటే, సీసాలో బోల్టుది పట్టుకెళ్ళావట. ముగ్గురు పిల్లల తండ్రి, గ్యారంటీ సరుకని. స్పానర్ అరువడిగినట్టు అడిగావట. చల్లారకుండా చొక్కాలోపల పెట్టుకుని ల్యాబుకి పరిగెత్తావట. ఛీ. నీతో ఒకే కంచంలో తిన్నానురా నేను.

భయమేసిందా? ఏమయ్యేది? నీలో ఏదైనా ఉంటే నీకూ మందులిచ్చేవాళ్ళు. అంతేగా. ఆ సీసాని నమ్మి డాక్టరమ్మ నీ పెళ్ళానికి సూదుల మోతాదు పెంచుకుంటూ పోయింది. ఇప్పుడొచ్చి, వాపు తగ్గాక మళ్ళీ మొదలెడదామా అని అడుగుతుంది. అదెప్పుడూ సరేనంటుంది, నీకు తెలుసు.

ఈసారి అనదులే. పొద్దున దానికి చెప్పేశాను.

తిట్టుకో. ఎందరిళ్ళ గుట్టో నవ్వుతూ చెప్పినదాన్ని నేను. ఇది చెబుతుంటే మాత్రం కుళ్ళిన కాయ కొరికినట్టయింది.

ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, "అయితే వదినా, తప్పు నాది కాకపోవచ్చా?" అంది. ఊపిరందడం లేదు, కడుపు కుండలా ఉంది, దాని ముఖం మాత్రం వెలిగిందిరా. అది చూశాక నీ ముఖం చూడబుద్ధి కావడం లేదు.

లోపలికి వెళ్ళకు, అది నిన్ను రానివ్వొద్దంది. డాక్టరమ్మ గది ఎడమ పక్కన, ఆ సీసా ఎవరిదో వెళ్ళి నువ్వే చెప్పు.