నీడకంటే ముందొచ్చిన కారు

అర్మీదా, ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పమ్మా. గొప్పలు చెప్పుకునే రకం కాదు ఈ ఒరెస్తే. యాభై మూడు వేసవి కారు పందేల ఛాంపియన్‌షిప్‌లో మా జట్టుకి రెండో కారు నడిపాను, అంతే. ఆఖరి పందెం ఈ పో నది గట్టు మీదే. టైటిలు మన నెవియో అన్నకా, ఆ మిలాను వాడికా అన్నది ఆ రోజే తేలాలి. అదుగో అన్న, అడగండి.

మూల బల్ల దగ్గర నెవియో పేకముక్కల్లోంచి తల ఎత్తలేదు.

సగం పందెంలో అన్న ఇంజను పోయింది. అప్పటి పద్ధతి తెలుసుగా, పెద్ద డ్రైవరు కారు చెడితే రెండోవాడు వచ్చి తన కారు ఇచ్చెయ్యాలి. నన్ను ఆగమని మావాళ్ళు పలక మీద సుద్దతో నా పేరు రాసి చూపించారు. నేను మొదటి అక్షరం చదివేసరికి పక్క ఊరు దాటేశాను.

"బ్రేకులు లేవా మామా?" అంది బారు నడిపే అర్మీదా.

వేశాను తల్లీ. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. ఇంతలో పెట్రోలు నిండుకుంది. అప్పుడేం చేశానో తెలుసా? గట్టున ఓ రైతు వైను సీసాలు చల్లబెట్టుకుంటుంటే, పోతూ పోతూ రెండు లాక్కుని ట్యాంకులో పోశాను. ఇంజను పాట ఎత్తుకుంది.

"ఏం పాట?" అన్నాడు పోస్టుమాన్ తూలియో.

పెళ్ళిపాట. వైను పడితే ఇంకేం పాడుతుంది? పాడుతూ పాడుతూ నేల వదిలింది. కింద కోసిన గోధుమచేలు, పక్కన వానకోయిలలు, పైన చల్లటి గాలి, చప్పుడే లేదు. అంత హాయి నా జన్మలో ఎరగను. మిలాను వాడి కారు కింద చీమంత. నేను గీత దాటిన రెండు నిమిషాలకి నా నీడ వచ్చింది.

"మరి రికార్డులో నువ్వు చేరనేలేదని ఉందే?" అన్నాడు తూలియో.

జడ్జీలు కన్ను ఆర్పేలోపు దాటిపోయాను. కనపడనివాణ్ణి ఏమని రాస్తారు పాపం?

అందరూ నవ్వారు. నెవియో ముక్కలు బోర్లించాడు.

"ఆ రోజు నీ ట్యాంకు నిండా పెట్రోలుంది ఒరెస్తే. పొద్దున నేనే పోశాను. హెల్మెట్ పెట్టుకుని గంటసేపు ఎండలో నిలబడ్డాను, నీ కారొస్తుందని. ఒక్క పాయింటుతో టైటిలు పోయింది. వెతుక్కుంటూ వస్తే, చెట్ల నీడన కారు ఆపి గడ్డిలో గుర్రుపెడుతున్నావు. నిద్రలో నవ్వుతున్నావు కూడా. లేపబుద్ధి కాలేదు. జట్టుకి నీ బండి చెడిందని చెప్పాను."

ఒరెస్తే ముఖం పాలిపోయింది. "ఇన్నేళ్ళూ ఒక్కమాట అనలేదేం అన్నా?"

"టైటిలు పోయినందుకు ఏడ్చాను. కానీ వీడు అంత మంచి కల ఏం కన్నాడా అని అప్పట్నించీ అనుకుంటూనే ఉన్నాను. ఇవాళ తెలిసింది." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "పైన గాలి చల్లగా ఉందన్నావే, అక్కణ్ణించి మళ్ళీ చెప్పు."