మొదటి పెట్టె మీద పసుపు

అధ్యక్ష స్థానంలో ఉన్న మా యజమాని అబ్దుల్ వహాబ్ గారికి, ఈ సౌదీ హుఫూఫ్ తెలుగు మిత్రులకు, పొయ్యి దగ్గర బిర్యానీ వదిలి వచ్చిన పెద్దలకు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ముందు వరుసలో కూర్చుని ఇప్పటికే నవ్వుతున్న ఫోర్క్‌లిఫ్ట్ ఇనాయతుల్లా భాయ్‌కి నమస్కారాలు. (నవ్వులు)

నేను ఎగుమతి కాగితాలు రాసుకునే గుమాస్తాను, మైకు నా పని కాదు. కానీ పద్దెనిమిదేళ్లుగా మన ఖర్జూరాల గోదాములో ప్యాకింగ్ మేస్త్రీగా ఉన్న మొండయ్యన్న రేపు ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఇంటికి వెళ్లిపోతున్నాడు. ఇవాళ నోరు విప్పకపోతే ఇక విప్పలేను.

మన సరుకు వెళ్లే దేశాలన్నిటిలోకీ దూరమైనది ట్రినిడాడ్, కరీబియన్ సముద్రంలో మన పాత కరీంనగర్ జిల్లాలో సగం కూడా లేని దేశం. ఏడేళ్ల కింద అక్కడి వ్యాపారి, ఎప్పుడో మన దేశం నుంచి కూలికి వెళ్లినవాళ్ల వంశంలో పుట్టిన సుమిత్రా రామ్‌కిసూన్ గారు రంజాన్ కోసం మొదటి కంటెయినర్ అడిగారు. మొండయ్యన్న మెట్‌పల్లి దిక్కు పసుపు రైతు, కొత్త మోటారుకైనా పసుపు పెట్టందే మీట నొక్కడు. "గంత దూరం పోయే సరుకు, ఉత్తగెట్ల పంపుతం సారూ?" అని మొదటి పెట్టె మీద ఇంత పసుపు రాశాడు. (నవ్వులు)

అక్కడి రేవులో అట్టపెట్టె మీద గుర్తు తెలియని పొడి ఉందని కంటెయినర్ మొత్తం ఆపేశారు. పదకొండు రోజులు! ఇక్కడ ఆఫీసులో ఎవరు రాశారని అడిగితే మొండయ్యన్న చెయ్యెత్తాడు. పసుపెక్కడిదని అడిగితే, "నాదే" అన్నాడు.

(మైకు దగ్గరికి జరిగి)

అతనిది కాదు, నాది. సెలవుకెళ్లి నా సూట్‌కేసులో తెచ్చి, ఆ పొద్దున పొట్లం అతని చేతికిచ్చి, "రాయన్నా, నీ చెయ్యి మంచిది" అన్నవాణ్ణి నేను. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పోతుందన్న భయంతో తల దించుకుని కూర్చున్నాను. అతనికిచ్చిన వార్నింగ్ లెటర్ టైపు చేసింది కూడా నేనే. బయటికొచ్చాక అతనన్నది ఇంతే: "పిల్లలున్నోనివి, నువ్వెందుకు బయటవడుడు సారూ? చాయ్ తాగుదాం పా."

ఆ పొడి పసుపేనని తేలి, సరుకు పండక్కి రెండు రోజుల ముందు అంగడికి చేరింది. సుమిత్ర గారు రాశారు: "మా నాయనమ్మ కొత్త బస్తా విప్పే ముందు ఇలాగే పసుపు రాసేది, ఎందుకో మాకెవరూ చెప్పలేదు. ఇకనుంచి పొట్లం కట్టి, కాగితాల్లో చూపించి పంపండి." అప్పటి నుంచి ప్రతి ప్యాకింగ్ లిస్టు చివర 'పసుపు పొట్లం, ఒకటి' అని రాస్తున్నాను. దమ్మామ్ రేవులో సరుకు ఎక్కించే ఏజెంటు అది చూసి ఇప్పటికీ నవ్వుతాడు.

ఫైల్లో ఆ వార్నింగ్ మాత్రం ఉండిపోయింది. ఈ ఏడు మనలాంటి పరాయి దేశపు పనివాళ్ల మీద కట్టే లెవీ పెరిగింది, సౌదీవాళ్లను ఇంతమందిని పెట్టుకోవాలనే నితాఖాత్ లెక్కలు బిగిశాయి, ఒకరిని పంపక తప్పలేదు. వార్నింగ్ ఉన్నవాళ్లు ముందు అన్నారు. ఉన్నది ఒక్కడే.

ఈ పొద్దున అబ్దుల్ వహాబ్ గారికి నిజం చెప్పాను. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. ఎగ్జిట్ పడిపోయింది, వెనక్కి తీసుకోలేమన్నారు. కానీ ఆ లెటర్ బయటికి తీసి, తప్పు మొండయ్యది కాదని దాని మీద తన చేత్తో రాసి సంతకం పెట్టారు. ఇదిగో అన్నా, ఇది నీ వెంట తీసుకుపో.

అదిగో, ఇక చాలు కూర్చోమని చెయ్యి ఊపుతున్నాడు. (నవ్వులు) కూర్చోను అన్నా. ఆ రోజు కూర్చునే ఉండి తప్పు చేశాను. నీ ముందు సిగ్గుగా ఉంది, నువ్వు లేని గోదాము తలచుకుంటే దిగులుగా ఉంది.

ఇంతసేపు ఓపిక పట్టిన యజమానికి, వంట చేసిన చేతులకు, మీ అందరికీ కృతజ్ఞతలు. ఎల్లుండి ట్రినిడాడ్ కంటెయినర్ ఉంది. పసుపు పొట్లం నేనే కడతాను. ఎవరిదని ఎవరడిగినా, ఈసారి నాదేనంటాను. సెలవు.