శిస్తు లేని నేల

1983 శీతాకాలం. షికాగోలో ఒక మ్యూజియం. పాత ఈజిప్టు సమాధిలోని గోడబొమ్మకు నకలు ముందు ఇద్దరు ఆగారు: చరిత్ర చదువుతున్న కూతురు, కర్నూలు వైపు నుంచి ఆమెను చూడవచ్చిన తల్లి.

"ఈ తాడు పట్టుకున్నోళ్ళు ఎవరమ్మీ?"

"సర్వేయర్లమ్మా. పన్ను ఎంతో తేల్చడానికి చేను కొలుస్తున్నారు. ఏటా నైలు పొంగి గట్లు చెరిపేసేది. వరద తీశాక మళ్ళీ కొలిచి, ఎవరి నేల వాళ్ళకు చూపించేవాళ్ళు."

"ఎవరిది వాళ్ళకేనా?"

"ఆ. దీనిమీదే నేను రీసెర్చ్ చేస్తున్నా."

"మన చేను మునిగినాక మీ నాయన శిస్తు కట్టను పోయినాడు, తెలుసునా?"

"డ్యామ్ కింద పోయిన చేనుకు శిస్తేంటమ్మా?"

"నేనూ అదే అంటి. వినలేదు. ఎప్పట్లాగే కడతానన్నాడు. ఆఫీసులో తీసుకోలేదు. ఆ భూమి ఇప్పుడు లేదు పెద్దాయనా, ఇంటికి పో అన్నారంట."

"ఫోన్‌లో నాన్న గుండె ఆగిపోయిందన్నావు. ఇది చెప్పలేదే?"

"నీకు పరీక్షలుండె. ఏం చెప్పేది? ఆ పొద్దు అన్నం వద్దన్నాడు. ‘మనల్ని శిస్తు అడిగేవాళ్ళు కూడా లేకుండా పోయినారే’ అని గోడవైపు తిరిగి పండుకున్నాడు. తెల్లారి లేపితే లేవలేదు."