రైట్ రైట్, హోల్డాన్

మానిపోయిందని మీరంటే సరిపోతుందా డాక్టరమ్మా? కాలు నాది కదా! అబ్బా, మెల్లిగా! చీలమండ పట్టుకుని అంత గట్టిగా నొక్కితే ఎవరికైనా నొప్పెడుతుంది.

రేపట్నుంచి డ్యూటీకెళ్ళాలా? కండక్టరు ఉద్యోగమండీ, కూర్చుని చేసేదా? బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారే కదా ఈ కాలు విరగ్గొట్టుకుంది!

నవ్వకండి. అసలిదంతా మీ వల్లే. కాలికి రెస్టివ్వు, ఒంటికివ్వకు, కుర్చీలో కూర్చునే చేతులూ నడుమూ ఆడించు అన్నది మీరు కాదూ? సరేనని రెండు చేతుల్లో నీళ్ళ సీసాలు పట్టుకుని, నాకు నేనే ‘రైట్ రైట్’ చెప్పుకుని, ఒకటీ రెండూ అని పైకి లెక్కపెడుతూ మొదలెట్టా. అలవాటు ఎక్కడికి పోతుంది?

లోపలి గదిలోంచి ‘హోల్డాన్!’ అని ఒక కేక. ఎవరనుకున్నారు? మా అత్తగారు!

మామగారు పోయాక మా ఇంటికొచ్చిన మనిషి. వచ్చిన దగ్గర్నుంచీ మంచం దిగితే ఒట్టు, నాతో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. ఏదున్నా మా ఆవిడతో ‘మీ ఆయనకి చెప్పు’ అనడమే. అలాంటావిడ గుమ్మం దాకా వచ్చి, ‘మీ ఆయన ఎనిమిది మింగేసి తొమ్మిదికెళ్ళాడు, మళ్ళీ మొదట్నుంచి చెయ్యమను’ అంది. మా ఆవిడ ఆఫీసుకెళ్ళింది. మరెవరితో అన్నట్టు? గోడతో!

మర్నాడు తనూ ఒక కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. తనకీ రెండు సీసాలు. నేను రైట్ రైట్ అంటే ఎత్తడం, ఆవిడ హోల్డాన్ అంటే దించడం. ఇప్పుడు అన్నం కూడా మాతోనే కూర్చుని తింటోంది. మా ఆవిడ చూసి నోరెళ్ళబెట్టింది.

మొన్న దాహమేసి, చేతికర్ర సంగతే మర్చిపోయి వంటింట్లోకి చకచకా నడిచెళ్ళిపోయా. వెనక్కి తిరిగితే ఆవిడ! అయిపోయాన్రా అనుకున్నా. ఈసారి గోడతో చెప్పలేదండీ. మొదటిసారి నా మొహంలోకి చూసి, ‘అల్లుడుగారూ, డాక్టరమ్మ వచ్చినప్పుడు కాస్త కుంటండి’ అంది.

అవునండీ, నొప్పి లేదు. ఎప్పుడో పోయింది. నేను డ్యూటీ ఎక్కితే ఆవిడ మళ్ళీ మంచమెక్కుతుందని భయం, అంతే.

అదుగో, కుర్చీ లాగుతున్న చప్పుడు. వచ్చేస్తోంది. అమ్మో! మెల్లిగా డాక్టరమ్మా, ప్రాణం పోతోంది!

ఏంటీ, ఇంకా ముట్టుకోలేదా? అయితే త్వరగా ముట్టుకోండి!