పక్క సీట్లో నవ్వినాయన

మ్యాట్నీ అయిపోయింది. జనమంతా వెళ్లిపోయినా అమ్మమ్మ సీట్లోంచి లేవలేదు. యుద్ధకాలంలో ఊళ్లను ఆక్రమించిన సైన్యం మీద రహస్యంగా పోరాడిన దళంలో ఆవిడా ఉండేది. ఆ దళం మీదే తీసిన కామెడీ సినిమా ఇది. ఆవిడ మనసు నొచ్చుకుందేమోనని మనవరాలికి బెంగ పట్టుకుంది.

"ఎలా ఉంది అమ్మమ్మా?"

"బాగుందే. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. కానీ వంతెన పేల్చడానికి అంతమంది వెళ్లలేదు. ఒక్కడే వెళ్లాడు."

"తాతయ్యేనా?"

"ఆయనే. అప్పటికి మీ అమ్మ నా కడుపులో ఉంది. శవం కూడా దొరకలేదు. చివర్లో ఎంత విలవిల్లాడిపోయాడో అని ఇన్నేళ్లూ కుమిలిపోయాను. ఏమీ లేదట. మందుగుండు వత్తి అంటించగానే పేలిపోయిందట. నొప్పే తెలియలేదట."

"ఎవరు చెప్పారు?"

"నా పక్కనున్నాయనే. సినిమా అంతా చెవిలో గుసగుసలే. హీరోకన్నా తనే అందగాడట, చూడు ఆ గీర!"

"అమ్మమ్మా... నీ పక్క సీటు విరిగిపోయింది. ఎవరూ కూర్చోకుండా తాడు కట్టేశారు."

"అవునే. అందుకే పాపం, అంతసేపూ నిలబడే చూశాడు."

మనవరాలు గబుక్కున అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లేపింది. ఆవిడ రెండో చెయ్యి, అటువైపు కూడా ఎవరో పట్టుకున్నట్టు, గాలిలో నిలిచింది.

"పద. మెల్లగా నడవవే. ఆయనకి చీకట్లో సరిగ్గా ఆనదు."

మనవరాలు అటు చూడలేదు. అమ్మమ్మ గుమ్మం దాటాక కూడా, ఇంకో మనిషి బయటికి వచ్చేంతసేపు తలుపు తెరిచే పట్టుకుంది.